పేరు అద్దెకు ఇవ్వదగునా? రాయపూర్ ఖాతాల వ్యవహారం

పూర్వం గ్రామాలలో వడ్డీవ్యాపారి అప్పు ఇచ్చే ముందు తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకొనేవాడు. ఆ కాగితంపై తరువాత ఏమి వ్రాయబడుతుందో ముద్ర వేసినవానికి తెలిసేది కాదు. పంట చేతికి వచ్చే వేళకు వంద రూపాయల అప్పు అయిదువందలై కళ్ళం వద్ద నిలిచేది. సహకార పరపతి సంఘాలు, వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు పల్లెలకు చేరిన తరువాత ఆ పద్ధతి చాలవరకు వెనుకబడింది. కాని ఖాళీకాగితం మాత్రం పోలేదు. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు అనే రూపంలో అది ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

ఇప్పుడు అడిగేవారు ఎదుటకు రారు. వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా పరిచయమవుతారు. "మా కంపెనీకి రోజువారీ చెల్లింపులు ఎక్కువ. మీ ఖాతా కొన్నాళ్ళు వాడుకొంటాము. నెలకు ఇంత అని ముట్టజెపుతాము. మీ డబ్బు మేము ముట్టుకోము" అని చెబుతారు. ఈ చివరి మాట నిజమే. ఖాతాదారు సొమ్ములో ఒక్క రూపాయి కూడా పోదు. అందువల్లనే చదువుకొన్నవారు సైతం దీనిని మోసంగా గుర్తించలేకపోతున్నారు. వారికి కావలసింది ఖాతాలోని నిల్వ కాదు, ఖాతాపై ఉన్న పేరు. ఆ పేరును ఏ విధంగా వాడుకొంటారో తెలుసుకొనేందుకు ఛత్తీస్‌గఢ్‌లో జరిగిన వ్యవహారం బాగా ఉపకరిస్తుంది.

రాయపూర్, భిలాయి

రాయపూర్ నగరం, దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఉక్కునగరం భిలాయి తెలుగువారికి కొత్త ఊళ్ళు కావు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్ళే రైలుమార్గం పట్టుకొని ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో కర్మాగారంలో, రైల్వేలో, కట్టడపు పనులలో ఉపాధి వెదుక్కొంటూ అక్కడికి చేరాయి. "మహాదేవ్ ఆన్‌లైన్ బుక్" అనే పందేల యాప్ వ్యవహారం పుట్టింది ఆ ప్రాంతంలోనే. దాని నిర్వాహకులు భిలాయికి చెందినవారని, ప్రధాన కార్యాలయం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉండేదని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ప్రకటించింది. మొదట ఛత్తీస్‌గఢ్ పోలీసులు నమోదు చేసిన కేసు ఆధారంగా ఈ దర్యాప్తు ఆరంభమైంది. తరువాత విశాఖపట్నం పోలీసులు, మరికొన్ని రాష్ట్రాల పోలీసులు నమోదు చేసిన కేసులను కూడా ఇందులో చేర్చుకొన్నారు. అంటే విషయం మన ముంగిలి వరకు వచ్చిందన్నమాట.

2023 ఆగస్టులో రాయపూర్‌లో తొలి అరెస్టులు జరిగాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 15 నాటికి 417 కోట్ల రూపాయల విలువైన ఆస్తులను స్వాధీనం చేసుకోవడమో స్తంభింపజేయడమో జరిగిందని డైరెక్టరేట్ తెలియజేసింది. అక్టోబరులో రాయపూర్‌లోని ప్రత్యేక న్యాయస్థానంలో అభియోగపత్రం దాఖలైంది. నవంబరు 5న కేంద్ర ప్రభుత్వం ఈ యాప్‌తో కలిపి 22 పందేల యాప్‌లను, వెబ్‌సైట్లను నిలిపివేసింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కేసులను సీబీఐకి అప్పగించగా, ఆ సంస్థ 2025 మార్చి 26న 60 చోట్ల సోదాలు జరిపింది. ఎవరు దోషులన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. దీని చుట్టూ నడిచిన రాజకీయ వాదోపవాదాలు దినపత్రికలలో కావలసినంత వచ్చాయి. వాటితో మనకు పని లేదు.

మనకు కావలసింది డైరెక్టరేట్ ప్రకటనలో అంతగా ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం. పందేల డబ్బు "అంచెలంచెలుగా అల్లిన బినామీ బ్యాంకు ఖాతాల" ద్వారా తరలిందన్నది దాని సారాంశం. సామాజిక మాధ్యమాలలో ప్రకటన ఇస్తారు. ఆశపడినవారు ప్రకటనలోని నంబరుకు వాట్సాప్ సందేశం పంపుతారు. వారికి ఒక ఖాతా నంబరు వస్తుంది. సొమ్ము అందులో జమ చేస్తే ఆడుకొనేందుకు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. యాప్ నడిపే శాఖలను "ప్యానెల్" అంటారు. లాభంలో 70 పాళ్ళు ఒకరికి, 30 పాళ్ళు మరొకరికి అనే ఒప్పందంపై వీటిని తెలిసినవారికి అప్పగించేవారని డైరెక్టరేట్ వివరించింది. ఇంత పెద్ద వ్యాపారంలో నిర్వాహకుల పేర్లు ఏ పాసుపుస్తకంపైనా కనిపించవు. పాసుపుస్తకంపై కనిపించేది మరెవరిదో పేరు.

కంచరగాడిద ఖాతా

ఇటువంటి ఖాతాను బ్యాంకు పరిభాషలో "మ్యూల్ ఖాతా" అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. బరువు దానిది, లాభం తోలేవానిది. పేరు పెట్టినవారెవరో గాని సరిగ్గానే పెట్టారు.

ఇది ఒక్క పందేల యాప్‌లకే పరిమితం కాదు. పోలీసులమని బెదిరించి వసూలు చేసిన సొమ్ము, షేర్లలో లాభాలని నమ్మించి రాబట్టిన సొమ్ము, విద్యుత్తు బిల్లు పేరిట కాజేసిన సొమ్ము, అన్నీ ఇదే దారిన పోతాయి. ఉదాహరణకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మోసపోయి 8 లక్షలు పంపాడనుకొందాము. ఆ సొమ్ము మొదట ఒక ఖాతాలో పడుతుంది. దానిని మొదటి అంచె అంటారు. నిమిషాల వ్యవధిలో అది పది ఖాతాలకు చీలుతుంది, వాటినుంచి మరి కొన్నింటికి పాకుతుంది. చివరకు ఏదో ఊరిలో ఏటీఎం నుంచి నగదుగా గాని, క్రిప్టో రూపంలో దేశం దాటిపోవడంగాని జరుగుతుంది. సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఫిర్యాదు చేయగానే పోలీసులకు ముందుగా దొరికేది మొదటి అంచెలోని పేరు, చిరునామా, ఫోటో. అన్నీ బ్యాంకులో సక్రమంగా ఉంటాయి, ఎందుకంటే ఆ ఖాతాదారు నిజమైన మనిషి. మోసపు సొమ్ములో అతి తక్కువ వాటా పొందేదీ అతడే, అందరికంటె ముందు పట్టుబడేదీ అతడే.

ఇవి ఎంత విస్తరించాయో పార్లమెంటుకు హోం శాఖ ఇచ్చిన సమాధానాలు చెబుతాయి. సైబర్ మోసాలలో ప్రజలు పోగొట్టుకొన్న మొత్తం 2023లో సుమారు 7,465 కోట్ల రూపాయలు కాగా 2024లో అది సుమారు 22,845 కోట్లకు పెరిగింది. బ్యాంకులతో కలిసి 2024 సెప్టెంబరులో ఏర్పరచిన అనుమానితుల పట్టికలో మొదటి అంచె ఖాతాలే 24 లక్షలకు మించి చేరాయి. 24 లక్షల పాసుపుస్తకాలు! ఒక్కొక్క దాని వెనుక ఒక కుటుంబం ఉంటుంది.

రాయపూర్ పోలీసులు 2025 జనవరిలో "ఆపరేషన్ సైబర్ షీల్డ్" పేరిట ఈ అద్దె ఖాతాదారులపైనే దృష్టి సారించి పదుల సంఖ్యలో అరెస్టులు జరిపారు. అంతవరకు "నాకేమీ తెలియదు, ఖాతా ఇచ్చానంతే" అనే మాట ఒక సాకుగా చెల్లుతుందని చాలామంది అనుకొనేవారు. ఇతరుల పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం వంటి గుర్తింపును దురుద్దేశంతో వాడినందుకు సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను క్రింద, కంప్యూటరు సాధనాలతో మారువేషం వేసి మోసగించినందుకు 66డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తెలిసి సహకరించినట్లు తేలితే అక్రమ ద్రవ్య నిరోధక చట్టం కూడా వర్తించవచ్చు. తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా అన్నది న్యాయస్థానంలో తేలేసరికి రెండు మూడు పంటలు గడిచిపోతాయి.

ఖాతా ఆగితే ఏమవుతుంది?

పట్టణంలోని ఉద్యోగికి ఒక ఖాతా ఆగిపోతే మరొక ఖాతా ఉంటుంది. రైతు పరిస్థితి అది కాదు. పీఎం కిసాన్ వాయిదా ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే పడుతుంది. ధాన్యం సొమ్ము, ఉపాధి హామీ కూలి కూడా తరచుగా అందులోనే జమ అవుతాయి. పోలీసుల ఉత్తర్వుపై ఖాతా స్తంభిస్తే వచ్చిన సొమ్ము వచ్చినట్లే ఉంటుంది, తీసుకొనే వీలు ఉండదు. పంటఋణం గడువులోగా తీర్చినవారికి లభించే 3 శాతం వడ్డీ ప్రోత్సాహకం సంగతి ఋణగ్రహీతలకు వేరే చెప్పనక్కరలేదు. ఋణం తీర్చవలసిన సొమ్ము స్తంభించిన ఖాతాలో చిక్కుకొని, గడువు దాటిపోతే ఆ ప్రోత్సాహకం పోతుంది, పేరు బకాయిదారుల జాబితాకు ఎక్కుతుంది. అయిదారు వేల అద్దెకు ఆశపడిన కుర్రవాడు తండ్రి ఋణచరిత్రను ఈ విధంగా పాడుచేయవచ్చు. ఖాతా అద్దెకు ఇచ్చేది ఎక్కువగా ఇంటిలోని యువకులు కావున పెద్దలు ఈ మాట వారితో కూర్చొని చెప్పవలసి ఉంటుంది.

వర్తక మిత్రులకు బెడద మరింత ఎక్కువ. పొదుపు ఖాతాలో పది లక్షలు ఒక్కరోజున వచ్చిపోతే బ్యాంకు అనుమానిస్తుంది. ఎరువుల దుకాణపు కరెంటు ఖాతాలో అదే మొత్తం సీజనులో మామూలు విషయం. అందువల్ల కరెంటు ఖాతాకు అద్దె ఎక్కువ పలుకుతుంది. "మీ యూపీఐకి కొంత సొమ్ము వేస్తాము, కమీషను పట్టుకొని మిగిలినది నగదుగా ఇవ్వండి" అని దుకాణానికి వచ్చి అడిగేవారు కూడా ఉన్నారు. సరుకు కొనకుండా నగదు అడిగేవానికి మర్యాదగా నమస్కారం పెట్టి పంపించడమే మంచిది.

రిజర్వు బ్యాంకుకు చెందిన ఇన్నొవేషన్ హబ్ ఇటువంటి ఖాతాలను లావాదేవీల తీరును బట్టి గుర్తించే "మ్యూల్‌హంటర్" అనే సాధనాన్ని రూపొందించింది. దీనిని 2024 డిసెంబరు 6న ప్రకటించారు. వ్యవసాయదారు ఖాతాలో అర్ధరాత్రి వేళ వరుసగా జమలు పడి, వెనువెంటనే ఖాళీ అవుతుంటే యంత్రమే పసిగడుతుంది. శాఖ మేనేజరుకు మీరు ఎంత తెలిసినవారైనా అప్పుడు ఆయన చేయగలిగింది తక్కువ.

ఇవ్వకపోయినా పోయే పేరు

పేరును మనంతట మనమే ఇవ్వడం ఒక విషయం. మనకు తెలియకుండా పోవడం మరొకటి. దీనికి ఉదాహరణ కోసం రాయపూర్ వరకు వెళ్ళనక్కరలేదు. 2018 జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల పంపిణీదారు పట్టుబడ్డాడు. భూముల రిజిస్ట్రేషను పత్రాలు అప్పట్లో ప్రభుత్వ వెబ్‌సైటులో చూడడానికి లభించేవి. ఆ పత్రాలపై క్రయవిక్రయదారుల వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు ఉండేవి. వాటిని దించుకొని, ముద్రలను రబ్బరుపైకి ఎక్కించి, ఇతరుల పేర వేలసంఖ్యలో సిమ్‌లను చలామణీలోకి తెచ్చాడని పోలీసులు వెల్లడించారు. కంపెనీ నిర్దేశించిన అమ్మకాల లక్ష్యం పూర్తిచేయడానికే ఇదంతా చేశాడట! ఇల్లు కొన్నవాడు, పొలం అమ్మినవాడు ఏ తప్పూ చేయలేదు. వారి వేలిముద్ర మాత్రం పనిలోకి వెళ్ళిపోయింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, బొటనవ్రేలిని మార్చుకోలేము.

ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో కార్డు లేకుండా వేలిముద్రతోనే నగదు లభిస్తుంది. బ్యాంకు మిత్ర వద్ద వృద్ధులకు, చదువురాని వారికి ఇది గొప్ప సదుపాయం. అదే మార్గంలో దొంగ కూడా రాగలడు. దీనికి విరుగుడుగా ఆధార్ సంస్థ బయోమెట్రిక్ లాక్ అనే ఏర్పాటు చేసింది. సంస్థ వెబ్‌సైటు ద్వారా గాని, యాప్ ద్వారా గాని వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. అయితే ఒక మాట ముందే తెలుసుకోవాలి. తాళం వేసి ఉన్నంతకాలం రేషను దుకాణంలో, 2018 నుంచి దేశమంతటా అమలులో ఉన్న ఎరువుల సబ్సిడీ యంత్రంపైన కూడా వేలిముద్ర పనిచేయదు. అవసరమైనప్పుడు తాళం తీసి, పని కాగానే మరల వేసుకోవాలి. ఫోనుకు అలవాటుపడని ఇంటిలో ఇది కొంత ఇబ్బందే. తరచుగా వేలిముద్ర వేయనివారికి, పెద్ద నిల్వలు ఉన్నవారికి మాత్రం తప్పక ఉపయోగం.

వేలిముద్ర వేసేటప్పుడు "సరిగ్గా పడలేదు, మరొకసారి" అని రెండు మూడు సార్లు వేయించుకొంటే ప్రతిసారి ఫోనుకు వచ్చిన సందేశాన్ని చూడవలసి ఉంటుంది. చాలామంది పల్లెవాసుల ఖాతాలలో నమోదైన ఫోను నంబరు ఎప్పుడో మారిపోయినది. సందేశం ఎవరి ఫోనుకు పోతున్నదో వారికే తెలియదు. శాఖకు వెళ్ళి నంబరు సరిచేయించుకోవడానికి అరపూట చాలు.

ట్రాక్టరు, ఎరువు, విత్తనాల దుకాణాలలో ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, ఫోటోల నకళ్ళు కట్టలుగా పడి ఉంటాయి. ఋణం మంజూరైన తరువాత ఆ కట్టల సంగతి ఎవరూ ఆలోచించరు. అవి పొట్లాలు కట్టడానికి వాడబడిన సందర్భాలు కూడా లేకపోలేదు. నకలు ఇచ్చే రైతు దానిపై అడ్డంగా "ట్రాక్టరు ఋణ నిమిత్తం మాత్రమే" అని వ్రాసి, తేదీ వేసి, సంతకం చేస్తే అది సిమ్ కార్డుకో కొత్త ఖాతాకో వాడడం కష్టమవుతుంది. పూర్తి సంఖ్య అవసరం లేనిచోట చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే సరిపోతుంది. ఇక వర్తకుని వైపునుంచి చూస్తే, ఫోనులో తీసుకొన్న ఆధార్ ఫోటో కూడా ఖాతాదారు సొత్తే. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి లేనిదే అటువంటి సమాచారాన్ని వేరొక పనికి వాడరాదంటుంది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన విధులు ఆ తేదీనుంచి 18 నెలలకు అమలులోకి వచ్చేటట్లు నిర్ణయించారు. గుమాస్తా ఫోనులోని పాత ఫోటోలను తుడిపివేయడానికి అంతకాలం ఆగనవసరం లేదు.

ఫోను ద్వారా పోయే పేరు మరొకటి ఉంది. "పీఎం కిసాన్ జాబితా", "పెండ్లి పత్రిక", "రవాణా శాఖ చలానా" అనే పేర్లతో వాట్సాప్ గ్రూపులలో ఏపీకే అనే తోకగల ఫైళ్ళు తిరుగుతున్నాయి. పంపినది మన బంధువే కావచ్చు, అతని ఫోను అప్పటికే పరుల పాలై ఉంటుంది. దానిని తెరచి అనుమతులన్నీ ఇచ్చినవారి సందేశాలు అవతలివారికి చేరుతాయి. ఓటీపీ అడగవలసిన అవసరమే వారికి ఉండదు. ప్రభుత్వ పథకమేదీ వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా రాదు.

ఈ దందాల అవతలి కొస ఎక్కడ ఉంటుందో 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తు కొంత చూపించింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్ళిన మన యువకుల చేత అక్కడ నిర్బంధంగా సైబర్ మోసాలు చేయించారు. మోసం చేసినవాడూ మనవాడే, మోసపోయినవాడూ మనవాడే, మధ్యలో సొమ్ము మోసిన ఖాతా కూడా మనవాడిదే.

చేయవలసిన పనులు

ఇదివరకే ఖాతా, కార్డు, సిమ్ ఎవరికైనా ఇచ్చినవారు సిగ్గుపడి ఊరుకోరాదు. వెంటనే శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్, యూపీఐ నిలుపుదల చేయించి, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. ఆ రసీదుపై తేదీయే తరువాత మీ పక్షాన మాట్లాడుతుంది. మీ పేర ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికం శాఖవారి "సంచార్ సాథీ" వెబ్‌సైటులో చూడవచ్చు. మీవి కానివాటిని అక్కడే గుర్తుపెట్టి రద్దుకు పంపవచ్చు.

సొమ్ము పోయినవారు 1930 నంబరుకు ఫోను చేయడంలో గంటలు కాదు, నిమిషాలు లెక్క. సొమ్ము మొదటి అంచెలో ఉండగానే పట్టుకొంటే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది. 2017 జులై 6నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు కూడా ఈ తొందరనే గుర్తించింది. ఖాతాదారు తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా జరిగిన అనధికార లావాదేవీని 3 పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారుకు నష్టబాధ్యత లేకుండా చేసింది. ఓటీపీ తానే చెప్పినవానికి మాత్రం ఫిర్యాదు ఇచ్చేవరకు జరిగిన నష్టం అతనిదే. శాఖలో ఫిర్యాదు ఇచ్చినప్పుడు సంఖ్య, సమయంతో కూడిన రసీదు తప్పక తీసుకోవాలి.

ఏ పాపం ఎరుగని వర్తకుని ఖాతా కూడా ఒక్కొక్కప్పుడు స్తంభిస్తుంది. దుకాణంలో యూరియా కొన్నవాడు చెల్లించిన 1,500 రూపాయలు ఎక్కడో మోసపు సొమ్ము కావచ్చు. అప్పుడు బ్యాంకును అడగవలసినవి మూడు: ఏ రాష్ట్రపు ఏ పోలీసు స్టేషను, ఫిర్యాదు సంఖ్య ఎంత, నిలిపిన మొత్తం ఎంత. ఖాతా మొత్తం కాక వివాదంలో ఉన్న సొమ్మును మాత్రమే నిలుపవలసిందిగా దర్యాప్తు అధికారికి వ్రాసుకోవచ్చు. వినతిపత్రంతో పాటు ఆనాటి అమ్మకపు బిల్లు, సరుకు నిల్వల పుస్తకంలో ఆ పేజీ నకలు, జీఎస్టీ నమోదు పత్రం జతచేయాలి. బిల్లుపై కొనుగోలుదారు పేరు, ఫోను నంబరు వ్రాసి ఉంచిన దుకాణాలకు ఈ పని సులువుగా జరుగుతుంది. చిన్న అమ్మకాలకు బిల్లు వ్రాయని దుకాణాలకే కష్టం.